దిబ్బ అవతల

లారీ వాగు ఇసుకలో దిగబడిందని కబురొచ్చేసరికి నేను గారెలకు పప్పు రుబ్బుతున్నాను. పిండి చేతులతోనే పరిగెత్తాను. "ఆ ఉరుకేందే, ఇంటి కోడలివి" అని మా అత్తయ్య వెనకనుంచి అంటూనే ఉన్నారు. నేను వింటేగా.

లారీలో ఉన్న సామాను చూసి మొదట నాకూ నీరసం వచ్చింది. తుప్పు పట్టిన రెండు పొడుగాటి ఇనప చేతులు, వాటి చివర ఎద్దుబండి వెడల్పున ఓ ఇనప బకెట్టు, పక్కన రెండు లావుపాటి గొట్టాలు. డ్యాం పనులు ముగించుకుని వెళ్ళిపోతున్న ఎవరో కంట్రాక్టరు హోసపేటలో పాత సామాను అమ్ముతుంటే మా ఆయన చెన్నకేశవరావు కొనుక్కొచ్చారు. దీన్ని లోడరంటారట. ట్రాక్టరు ముందు తగిలిస్తే మట్టిని తవ్వి, ఎత్తి, పక్కన పోస్తుందట. సామాను మీద కూర్చుని వచ్చిన మెకానిక్కు గాదిలింగప్ప ఒక గొట్టంలోంచి కడ్డీని బయటికి లాగి చూపించాడు. తుప్పంతా పైపైనే. కడ్డీ మాత్రం అద్దంలా మెరుస్తోంది. వంగి చూస్తే పిండి అంటిన నా ముఖం కనిపించింది.

"ఇది బాగుంటే అంతా బాగున్నెట్లే అక్కా," అన్నాడు గాదిలింగప్ప. "మిగతాదంతా ఉత్త ఇనుము. ఇనుముదేముండాది, కొడితే వింటాది."

ఆ మాటతో నా ప్రాణం లేచొచ్చింది. లారీని ఇసుకలోంచి తొయ్యటానికి నేనూ ఓ చెయ్యి వేశాను.

అరవై నాలుగు ఎండాకాలం అది. తెక్కలకోటకు ఇవతల, కాలువ కింద, గుంటూరు జిల్లానుంచి వచ్చినవాళ్ళం ఇళ్ళు వేసుకున్న క్యాంపు మాది. మా పొలంలో తూముకు ఎదురుగానే అడ్డంగా పెద్ద దిబ్బ ఉండేది. దిబ్బకు ఇవతల చారెడు నేల తడిసేది. అవతల పొలమంతా పల్లమే, నీళ్ళు దాటితే చాలు తనంతట తానే తడుస్తుంది. దాటితేగా. పోయినేడు దిబ్బను మధ్యకు చీల్చి బోదె తవ్వించాం. నల్లరేగడి కదా, నీళ్ళు తగలగానే రెండు పక్కలూ విరుచుకుపడి పూడిపోయింది. దిబ్బనే ఎత్తిపోద్దామని యంకమ్మ, ఆమెతో వచ్చే ఆడకూలీలు బాండ్లీలతో మట్టి మోశారు. కాలువకు నీళ్ళు వదిలేనాటికి దాని నెత్తి కూడా తగ్గలేదు. అవతలి పొలం మళ్ళీ బీడు పడింది.

పొలం మా అత్తయ్య హనుమాయమ్మగారిది. పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన మాగాణి అమ్మి ఇక్కడ కొన్నారు. కాబట్టి చివరి మాట ఆవిడదే. ఆ మాట ఉగాదినాడు పచ్చడి చేతిలో పెడుతూ చెప్పేశారు.

"ఈ ఏడు కాలవొదిలినప్పుడు నీళ్ళు దిబ్బ దాటితే సరే. దాటకపోతే పిచ్చయ్యకి అమ్మేసి మన ఊరు మనం పోదాం. ఈ ఎండకి మాడటం ఇంక నా వల్ల కాదు."

మా మామగారు శివరామకృష్ణయ్యగారు నులకమంచం మీదనుంచి "మీ అత్తయ్య మాటే నా మాట" అన్నారు. ఆయన మాట ఎప్పుడూ అదే. పిచ్చయ్యది మా పక్క పొలం. మా జిల్లావాడే, మంచివాడే. కానీ మా నేల మీద కన్నుంది. మజ్జిగ నెపంతో రోజూ వచ్చి "ఏం ఆలోచించారు దొడ్డమ్మగారూ" అని అడిగి పోయేవాడు. ఆ మజ్జిగలో ఉప్పు కాస్త దండిగా పడేది. వేసేదాన్ని నేనేలెండి.

నాకు వెళ్ళటం ఇష్టం లేదు. ఊళ్ళో మాది తోడికోడళ్ళందరూ కలిసున్న ఇల్లు. ఎవరి చీర ఏ దండెం మీద ఆరెయ్యాలో కూడా పెద్దావిడే చెప్పేది. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో నన్ను ఫలానా విషయంలో నీ అభిప్రాయమేమిటని అడిగినవాళ్ళు లేరు. ఇక్కడికొచ్చాక మా ఆయన అడగటం మొదలుపెట్టారు. ఏ పొలం చెక్కలో ఏం వెయ్యాలి, కూలీలను ఎప్పుడు పిలవాలి, అన్నీ ఇద్దరం గట్టుమీద నిలబడి వాదించుకునేవాళ్ళం. పోట్లాడుకునేవాళ్ళం కూడా. ఆ పోట్లాటలంటే నాకెంత ఇష్టమో చెప్పలేను. ఇది వదిలి మళ్ళీ ఆ వంటింట్లోకి పోవాలంటే నాకు ఏడుపొచ్చేది.

*

లోడరు మా ట్రాక్టరుకు సరిపడేది కాదు. గాదిలింగప్ప దాన్ని ట్రాక్టరు ముందు పరిచి, చుట్టూ తిరిగి, నెత్తి గోక్కున్నాడు.

"ఇది దీనికంటే పెద్ద బండిది కేశవప్పా. రంధ్రాలు యాడా కుదరవు."

"మరి ఎట్లా?" అన్నారు మా ఆయన.

"కుదరకుంటే కుదిరేటట్ల చేస్తాం. లేకుంటే నన్నెందుకు పిల్చినావు?"

అతనిది బళ్ళారి దగ్గర మోక. డ్యాం వర్క్‌షాపులో పనిచేసి చేసి చెవులు కాస్త దూరమయ్యాయి, అందుకని మాట పెద్దగా ఉండేది. దారంతో కొలతలు తీసుకుని బళ్ళారి వెళ్ళాడు. అక్కడ రెండు ఇనప దూలాలు కోయించి, రంధ్రాలు పెట్టించి, వెల్డింగు చేయించి, బస్సు పైన వేసుకుని తెచ్చాడు. బరువంతా ట్రాక్టరు ముక్కు మీద పడకూడదట. దూలాలు రెండు పక్కలా పొట్ట వెంట వెనక ఇరుసుదాకా సాగి ఉండాలి, అప్పుడే బండి నడుం విరగదు. మూడు వాసాలు నిలబెట్టి, గొలుసుతో ఇనప చేతుల్ని పైకెత్తి, వాటి కిందికి ట్రాక్టరును తోలుకొచ్చి బోల్టులు బిగించారు. పానా జారి మా ఆయన వేళ్ళు చిట్లాయి. నేను పసుపు తెచ్చి అద్దబోతే "ముందు ఆ బోల్టు పట్టుకో" అన్నారు.

అసలు సంబరం నూనె గొట్టాల పని. మా ట్రాక్టరుకు వెనక నాగలిని ఎత్తే ఏర్పాటు ఉండనే ఉంది, లోపల పంపు నూనెను తోస్తే ఆ బలానికి నాగలి లేస్తుంది. గాదిలింగప్ప ఆ నూనెను గొట్టాల గుండా బయటికి తెచ్చాడు. సీటు పక్కన మడ్‌గార్డు మీద రెండు పిడులున్న పెట్టె బిగించాడు. అక్కడనుంచి ముందున్న లావుపాటి గొట్టాలదాకా సన్నటి గొట్టాలు లాగాడు. ఒక పిడి చేతుల్ని ఎత్తుతుంది, దించుతుంది. రెండోది బకెట్టును వంచుతుంది, నిలబెడుతుంది. ఇంజను వేసి మొదటి పిడి లాగాడు. ఇనప చేతులు కొంచెం వణికి, ముక్కి, మెల్లగా లేవటం మొదలుపెట్టాయి. నిన్నటిదాకా నలుగురు కలిసి కదపలేని ఇనుము రెండు వేళ్ళకు లేస్తోంది.

బాండ్లీ చంకన పెట్టుకుని చూస్తున్న యంకమ్మ "ఇదేందక్కా, ఇంత పెద్ద బాండ్లీ వస్తే మా కూలి గతేంది?" అంది.

"దిబ్బ అవతల వరి పడనీ, నాట్లకు నువ్వెంతమందిని తెచ్చినా చాలరు," అన్నాను.

"నీళ్ళు రానీ, చూస్తాం," అంది యంకమ్మ. ఆమెకూ నీళ్ళ మీద నమ్మకం లేదు.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చింది. ముందు బరువు పడేసరికి స్టీరింగు తిరగటం లేదు. మా ఆయన రెండు చేతులతో, పళ్ళు బిగబట్టి తిప్పితే గానీ చక్రాలు మాట వినవు. ఇక పిడులు లాగటానికి మూడో చెయ్యి ఎక్కడుంది?

"పిడి పట్టే మనిషి బేరే కావాల," అన్నాడు గాదిలింగప్ప. "నేను దినామూ ఈడ ఉండలేను. నాకు బళ్ళారిలో పనుండాది."

"నేను పడతాను," అన్నాను.

అత్తయ్య చాట కింద పెట్టారు. "ఆడది ట్రాక్టరెక్కటం మన వంశంలో లేదు" అన్నారు.

"మన వంశంలో ట్రాక్టరే లేదమ్మా," అన్నారు మా ఆయన.

కొంగు నడుముకు బిగించి మడ్‌గార్డు ఎక్కాను. గాదిలింగప్ప కింద నిలబడి చెప్పాడు. "మెల్లగ తియ్యాలక్కా. గుంజితే బాండ్లీ పోయి ఇంటి మీద పడతాది. బేగ వద్దు, మెల్లగ." మొదటిసారి గుంజేశాను. బకెట్టు ఎగిరినంత పని చేసింది, మామగారు మంచం మీదనుంచి దిగిపోయారు. రెండోసారి పిడిని అరచేతితో నొక్కకుండా వేళ్ళతో పట్టుకున్నాను. ఇనుము నా వేళ్ళ మాట విని ఆగింది, లేచింది, వంగింది. నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. ఎలాగూ మడ్‌గార్డు మీదున్నాను కాబట్టి ఎవరికీ తెలియలేదు.

*

శుక్రవారం పొద్దున పని మొదలు. ముందురోజే బకెట్టును పైకెత్తి, కింద దుంగలు ఆనించి ఉంచారు. మా ఆయన, గాదిలింగప్ప చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టే హడావుడిలో ఉన్నారు. అత్తయ్య స్నానం చేసి, పసుపు గిన్నె పట్టుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చారు. వచ్చి యంత్రం చుట్టూ తిరిగి పూజ చేశారు. ఆవిడ రావడమే గొప్ప అనుకుని నేను పొంగిపోయాను. ఏం చేస్తున్నారో చూడలేదు.

దిబ్బ దగ్గర పెద్ద వినోదం అయింది. మా ఆయన బకెట్టును దిబ్బలోకి పొడిచారు. నేను పిడి లాగాను. బకెట్టు లేవలేదు, మా వెనక చక్రాలు లేచాయి. నేను మా ఆయన మీదా, ఆయన స్టీరింగు మీదా పడ్డాం. గట్టుమీద కూలీలు కడుపులు పట్టుకుని నవ్వారు. మామగారు మాత్రం నవ్వకుండా "ముందు బరువైతే వెనక బస్తా వెయ్యాలిరా, బండి తోలినవాడివి ఆ మాత్రం తెలీదా" అన్నారు. ఇక్కడికొచ్చాక ఆయన స్వంతంగా అన్న మొదటి మాట అదే. వెనక నాగలి ఉండేచోట పాత పీపా కట్టి రాళ్ళు నింపారు. మళ్ళీ పొడిచాం. మళ్ళీ లాగాను.

ఈసారి దిబ్బ కదిలింది. నల్లమట్టి బకెట్టు అంచుల మీదుగా పొర్లుతూ లేచింది. వెనక్కి వచ్చి, పక్కకు తిరిగి, రెండో పిడి తోశాను. యంకమ్మ బృందం ఒక పూటంతా మోసేంత మట్టి ఒక్కసారిగా పల్లంలో పడింది. యంకమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు, పెళ్ళిలో కూడా అట్లా నవ్వలేదు. మధ్యాహ్నం దాకా ఆకలి తెలియలేదు. ఆయన "దించు" అనకముందే నేను దించటం, నేను "చాలు" అనకముందే ఆయన వెనక్కి రావటం, ఇద్దరం ఒకే మనిషిలా పనిచేశాం.

భోజనాలయ్యాక మళ్ళీ ఎక్కాం. ఎత్తిన బకెట్టు ఎత్తినచోట నిలవటం లేదు. నేను పిడి ముట్టుకోకుండానే కిందికి జారిపోతోంది. కుడివైపు లావుపాటి గొట్టం మూతి దగ్గర, కడ్డీ బయటికొచ్చే చోట, నూనె ధారగా కారుతోంది. ఆ నూనె రంగు చూసి గాదిలింగప్ప ఇంజను ఆపమన్నాడు. పసుపుపచ్చగా ఉంది.

చెట్టు నీడలో గొట్టం విప్పాడు. మూతి లోపల, కడ్డీ చుట్టూ, నూనె బయటికి రాకుండా ఒక రబ్బరు పట్టు ఉంటుంది. అది చిరిగి పోగులై ఉంది. దానికి చుట్టుకుని ఏదో నానిపోయిన ముద్ద. గాదిలింగప్ప దాన్ని సూదిమొనతో తీసి అరచేతిలో పరిచాడు. పసుపు దారం. ఎర్రగా కుంకం. కొంచెం ముగ్గుపిండి.

"ఇది ఈడికి ఎట్ల వచ్చింది?" అన్నాడు.

ఎట్లా వచ్చిందో అందరికీ అర్థమైంది. కడ్డీలు బయటికి సాగి మెరుస్తున్నప్పుడు అత్తయ్య వాటికి పసుపు పూసి, బొట్లు పెట్టి, కంకణం కట్టారు. నేను బకెట్టు దించగానే కడ్డీ గొట్టంలోకి పోతూ అన్నింటినీ లోపలికి లాక్కుపోయింది.

"ఆ రబ్బరు బొంబాయినుంచి రావాల," అన్నాడు గాదిలింగప్ప. "నెల పడతాదో, రెండు నెలలో."

నెల తరవాత కాలువ వదులుతారు. మా ఆయన ముఖం నల్లబడింది. ఇంటికి వెళ్ళి, చెంబెడు నీళ్ళు తాగి, అత్తయ్య ఎదురుగా నిలబడి, నేను ఎన్నడూ వినని గొంతుతో అన్నారు.

"ఇది నడవటం నీకిష్టం లేదు. ఊరెళ్ళాలని నీకుంది. అందుకే కట్టావు."

మామగారు మంచం మీద లేచి కూర్చున్నారు. అత్తయ్య బియ్యం ఏరుతున్నారు. చెయ్యి ఆపలేదు.

"ఊరెళ్ళాలంటే నేను నీ మిషను చెడగొట్టాలట్రా?" అన్నారు. "పొలం నా పేరున ఉంది. పిచ్చయ్య రోజూ గుమ్మంలోనే ఉంటన్నాడు. ఊఁ అంటే సరిపోయేదానికి నేను దారాలు కట్టాలా?"

మా ఆయన చేతిలోని చెంబు కింద పెట్టారు.

"అది బాగా నడవాలని కట్టాను. మిగతాదంతా తుప్పూ మసీ. ఆ కడ్డీ ఒక్కటే కళగా మెరుస్తా ఉంది. అదే దాని ముఖం అనుకున్నాను. పసుపు ముఖానికి పుయ్యక చక్రానికి పూస్తారా?" అని చాట చెరిగి లోపలికి వెళ్ళిపోయారు.

యంత్రం విప్పదీసి చెట్టుకింద ఉంది. నూనె నేలపాలైంది. రబ్బరు బొంబాయిలో ఉంది. అయినా నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అది బాగా నడవాలని కట్టారట. నోటితో ఊరెళ్దామంటున్న మనిషి తెల్లారి తలస్నానం చేసి మా దిబ్బ తొలగాలని మొక్కుకున్నారు. నేను పెరట్లోకి వెళ్ళి, ఒక్కదాన్నే, నవ్వుకున్నాను.

*

"తోలు," అన్నాడు గాదిలింగప్ప మర్నాడు. "రబ్బరు రాకముందు జాకీలకు తోలే వేస్తాంటిమి. దళసరి తోలు దొరికితే ఒత్తి బిళ్ళ చేస్తా. ఎంత దినం నిలుస్తాదో చెప్పలేను."

యంకమ్మ ఇంట్లో తోలుంది. వాళ్ళ మెట్టచేలో బావినుంచి ఎద్దులతో నీళ్ళు తోడే కపిలె తోలు. కాలువ వచ్చి కూలి పనులు పెరిగాక ఆ బావి వదిలేశారు. భర్త మద్దిలేటి తోలును చుట్టచుట్టి నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. "మా నాయన కుట్టించింది" అన్నాడు, ఇచ్చేముందు ఒకసారి చేత్తో తడిమి. మంచి ముక్క చూసి గాదిలింగప్ప గుండ్రంగా కోశాడు. అది ఎండి చెక్కలా ఉంది. వెచ్చటి ఆముదంలో రోజంతా నానాలన్నాడు.

మా అత్తయ్యది మడీ ఆచారం. చెప్పులు గుమ్మం ఇవతలికి వస్తే నీళ్ళు చల్లేవారు. తోలు నానబెట్టటానికి ఏ గిన్నె అడగాలా అని నేను తటపటాయిస్తుంటే ఆవిడే తమ ఇత్తడి తప్పేలాలో ఆముదం పోసి పొయ్యిమీద పెట్టారు. నా చేతిలోని తోలు ముక్క తీసుకుని నూనెలో వేశారు. అది తేలుతుంటే వేళ్ళతో అదిమి పట్టుకుని కూర్చున్నారు.

"ఊరికే చూస్తావేందే. చితుకులు ఎగదొయ్యి, చల్లారిపోతన్నాయి," అన్నారు.

మెత్తబడ్డ తోలును గాదిలింగప్ప రెండు చెక్క దిమ్మల మధ్య పెట్టి బోల్టుతో బిగించి ఆరబెట్టాడు. విప్పేసరికి గిన్నె అంచులా చక్కగా తిరిగి ఉంది. కడ్డీకి తొడిగి గొట్టం బిగించి, కొత్త నూనె పోసి, నన్ను ఎక్కమన్నాడు. బకెట్టు లేచి నిలబడింది. మేమందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. జారలేదు. మా ఆయన నేరుగా వంటింట్లోకి వెళ్ళారు. ఏమన్నారో నేను వినలేదు. వచ్చేటప్పుడు అత్తయ్య ఆయన వెనకే వచ్చారు, చేతిలో పసుపు గిన్నె ఉంది.

"యాడ పెట్టాలో చెప్పరా అబ్బాయ్," అని అడిగారు గాదిలింగప్పను, అతని భాషలోనే.

"ఈడ పెట్టవ్వా," అని అతను బకెట్టు వీపు చూపించాడు. "ఈడ ఎంత పూసినా ఏమీ కాదు."

ఆవిడ బకెట్టు వీపంతా పసుపు పూశారు.

*

అటుపైన మేం రాత్రిళ్ళు పడుకోవటానికి తప్ప ట్రాక్టరు దిగలేదంటే నమ్మండి. దిబ్బ ఒక పక్కనుంచి కరుగుతూ వచ్చింది. నా అరచేతులు కాయలు కాశాయి, ముఖం కాలి నల్లబడింది, అద్దంలో చూసుకుని మురిసిపోయాను. ఎండ ముదిరింది, తరవాత మబ్బులు పట్టాయి. మధ్యలో ఒక సన్నటి నడుము మాత్రం మిగిలిందనగా కాలువ తూములు చూసే లస్కరు సైకిలు మీద వచ్చి, నీళ్ళు వదిలారు, రేపు మీ తూముకు అందుతాయని చెప్పి పోయాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి తూములోంచి ఎర్రటి నీళ్ళు నురగతో వచ్చాయి. ఇవతలి నేల మీద పరుచుకుని దిబ్బ అడుగుకు తగిలాయి. మేమింకా తవ్వుతూనే ఉన్నాం. గట్టుమీద అందరూ ఉన్నారు. అత్తయ్య, మామగారు, యంకమ్మ వాళ్ళు, బస్సు దిగి నేరుగా వచ్చిన గాదిలింగప్ప. పిచ్చయ్య కూడా వచ్చాడు, ఉతికిన పంచె కట్టుకుని, కరణం దగ్గరికి వెళ్దామన్నట్టు.

కుడి గొట్టం మూతి దగ్గర నూనె మళ్ళీ కనిపించింది. గాదిలింగప్ప వంగి చూసి అరిచాడు. "తోలుకు చెమట పడతాండాది, అంతే. పోనీండి, పోనీండి."

ఇంకొక్క ముద్ద మట్టి తీస్తే చాలు. కానీ నేల అప్పటికే తడిసింది. తడిసిన రేగడిలో ట్రాక్టరు దిగబడిందంటే నాట్లయ్యేదాకా బయటికి రాదు. మా ఆయన క్లచ్చి తొక్కి ఆగారు.

"పోదామా?" అన్నారు.

అట్లా అడిగినందుకే వెళ్ళాలనిపించింది. "పోదాం," అన్నాను.

బకెట్టు మట్టిలోకి దిగింది. నేను ఎత్తాను. ఆ బరువుకు ముందు చక్రాలు బురదలో ఇరుసుదాకా కూరుకుపోయాయి. ఆయన వెనక్కి తిప్పారు. వెనక చక్రాలు ఉత్తినే తిరిగి మా ఒళ్ళంతా బురద చిమ్మాయి. ఇంకోసారి. ఇంకా దిగబడ్డాం. నీళ్ళు టైరు చుట్టూ చేరుతున్నాయి. గట్టుమీద ఎవరో "ఆయ్తు, ఇంక అయిపాయ" అన్నారు.

ఈ ఇనుముకు ఎంత బలముందో నా వేళ్ళకు తెలుసు. ఎత్తిన మట్టిని అవతలి పల్లంలోకి వంచేసి, బకెట్టును నేలకు ఆనించి, పిడిని ఇంకా కిందికి తోశాను. బకెట్టు దిగటానికి చోటు లేదు. అందుకని ట్రాక్టరు ముక్కు లేచింది. కూరుకున్న చక్రాలు చప్పుడు చేస్తూ బురదలోంచి పైకి వచ్చాయి.

"ఇప్పుడు, వెనక్కి," అన్నాను. ఆయన క్లచ్చి వదిలారు. నేను రెండో పిడి తోశాను. బకెట్టు తిరుగుతూ నేలను తన్ని మమ్మల్ని వెనక్కి నెట్టింది. చక్రాలు గట్టి నేల అందుకున్నాయి. మేం వెనక్కి వచ్చిన బాటలోనే, మా బకెట్టు తీసిన గుంటలోంచి, నీళ్ళు ముందుకు వెళ్ళాయి. మొదట వేలెడు వెడల్పున వెళ్ళాయి. అంచులు కరిగి చేతులు చాచినంత అయ్యాయి. దిబ్బ ఉన్నచోటు దాటి, రెండేళ్ళుగా నోరు తెరిచి ఉన్న నెర్రెల్లోకి గుడగుడమంటూ దిగాయి.

నేను కిందికి దూకి నీళ్ళ వెంట పరిగెత్తాను. మా ఆయన ఇంజను ఆపటం కూడా మరిచిపోయి నా వెనక వచ్చారు. యంకమ్మ నీళ్ళలో దిగి కాళ్ళతో తన్నుతూ వాళ్ళవాళ్ళందర్నీ పేరుపేరునా పిలిచింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

తిరిగి వచ్చేసరికి అత్తయ్య గట్టు దిగి, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, పాదాలు మునిగేదాకా నీళ్ళలో నిలబడి ఉన్నారు. పిచ్చయ్య గట్టుమీదనుంచి గొంతు సవరించుకున్నాడు.

"అయితే దొడ్డమ్మగారూ, మరి మన సంగతి..."

అత్తయ్య అవతలికి పోతున్న నీళ్ళ మీదనుంచి చూపు తిప్పలేదు.

"మీ చేలో కూడా ఏదో మిట్ట అడ్డం ఉందన్నావుగా పిచ్చయ్యా. కోతలయ్యాక ఓ మాట చెప్పు, మా కోడల్ని పంపిస్తాను," అన్నారు. "అబ్బాయిని కూడా తోడు పంపుతాలే, స్టీరింగు పట్టుకోటానికి."